ఎమ్మెస్ ఉన్న భార్య, మన నెల్లూరు ఎండాకాలం: భర్తలు తెలుసుకోవాల్సిన సంగతులు

[వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని, కెమెరా వైపు చూస్తూ]

నమస్తే అండీ, నెల్లూరు నుంచి మాట్లాడుతున్నా. మా ఆవిడకి మల్టిపుల్ స్క్లెరోసిస్, అదే ఎమ్మెస్. ఈ వీడియో భర్తల కోసం, అందులోనూ మన నెల్లూరు, ఒంగోలు వైపు ఉండేవాళ్ల కోసం, ఎందుకంటే ఈ జబ్బుకీ వేడికీ అస్సలు పడదు, మన రోహిణి కార్తె ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ముందు జబ్బు ఏంటో చూద్దాం. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో, కంటి నరంలో నరాల మీదుండే మైలిన్ అనే పొరను దెబ్బతీస్తుంది. ఆ పొర పోయిన చోట మెదడు పంపే సంకేతం నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. అందుకే ఒకరికి చూపు మసకబారుతుంది, ఒకరికి కాళ్లు తిమ్మిరెక్కుతాయి, ఇంకొకరు నడుస్తూ తూలతారు. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్యలో బయటపడుతుంది, మగవాళ్ల కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇది అంటుకోదు. దిష్టి కాదు, ఎవరి జాతకమూ కారణం కాదు.

ఇక వేడి సంగతి. 1890లో విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు ఒకటి గమనించాడు: ఎమ్మెస్ ఉన్నవాళ్లకి శ్రమపడితే చూపు తగ్గుతోంది, విశ్రాంతి తీసుకున్నాక మళ్లీ వస్తోంది. దీనికి కారణం ఒళ్లు వేడెక్కడమేనని తర్వాత తేలింది. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా చాలు, పొర దెబ్బతిన్న నరం సరిగ్గా పనిచేయకపోవచ్చు. ఎమ్మారైలు రాకముందు అయితే ఈ జబ్బు ఉందో లేదో తెలుసుకోవడానికి పేషెంట్లను వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి చూసేవాళ్లు కూడా.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, "పొద్దున చక్కగా తిరిగింది కదా, మధ్యాహ్నానికి ఏమొచ్చింది?" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, అనకుండా ఉండరు. ఆ మాటకి జవాబు చెప్పాల్సింది ఆమె కాదండీ, మీరు. మీ అమ్మకి, మీ అక్కకి మీరే కూర్చుని చెప్పండి, ఆమె లేనప్పుడు కాదు, ఆమె ఎదురుగానే. మందులు ఎవరైనా తెచ్చిస్తారు, ఈ పని మాత్రం మీరు తప్ప ఇంకెవరూ చేయలేరు. ఎమ్మెస్ నీరసం అంటే పని చేసి అలిసిపోవడం లాంటిది కాదు, రాత్రంతా నిద్రపోయి లేచినా ఉంటుంది, పైకి కనపడదు. కనపడనిదాన్ని నమ్మే మనిషి ఇంట్లో ఒక్కరైనా ఉండాలి.

[వంటింట్లోకి నడుస్తూ]

ఇంట్లో మార్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పొయ్యి పని పొద్దున ఎండ ఎక్కకముందే అయిపోవాలి, మధ్యాహ్నం మళ్లీ పొయ్యి వెలిగించాల్సి వస్తే మీరు వెలిగించండి. నూనె అంటుకుని వేడివేడి నీళ్లు తలకి పోసుకునే అలవాటు మనందరికీ ఉంది కదా, ఆమెకి అది పడకపోవచ్చు, చల్లటి నీళ్లు కానీ గోరువెచ్చటి నీళ్లు కానీ చాలు. బయటికి వెళ్లే ముందు చన్నీళ్ల స్నానం, మెడ మీద తడి తువ్వాలు, మధ్యమధ్యలో ఐసు నీళ్లు బాగా పనిచేస్తాయి. కూలర్ కొనే ముందు ఆలోచించండి, సముద్రం దగ్గరున్న మన ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కూలర్ పెద్దగా చల్లబరచదు, ఉదయగిరి వైపు పొడిగాలికైతే ఫర్వాలేదు. డబ్బు కూడబెట్టగలిగితే ఒక గదికి ఏసీ పెట్టించండి, ఈ జబ్బు ఉన్న ఇంట్లో అది సోకు కాదు.

వైశాఖంలో పెళ్లిళ్లుంటాయి, మధ్యాహ్నం ముహూర్తమైతే వెళ్లాలా వద్దా అన్నది ఆమెని అడగండి, ఆమె బదులు మీరు నిర్ణయించొద్దు. అన్నీ మీరే చేసేసి ఆమెని మంచం మీద కూర్చోబెట్టడం కూడా సాయం కాదు. "ఏం చేసిపెట్టమంటావు?" అని అడగడం నేర్చుకోవాలి మనం.

మూత్రం ఇబ్బంది గురించి ఆడవాళ్లు మొగుడికి కూడా చెప్పరు, బయటికి వెళ్లాలంటే నీళ్లు తాగడం మానేస్తారు. అలా చేస్తే ఇన్ఫెక్షన్ రావచ్చు, ఇన్ఫెక్షన్ వస్తే ఎమ్మెస్ లక్షణాలు ఒక్కసారిగా పెరగొచ్చు. అందుకే చెన్నై డాక్టరు దగ్గరికి మేము బస్సులో వెళ్లం, పినాకినీ ఎక్కుతాం, రైల్లో బాత్రూం ఉంటుంది, టెన్షన్ ఉండదు. మంచం మీది దగ్గరితనం కూడా మారొచ్చు, స్పర్శ తెలియకపోవడం, నీరసం లాంటివి దీనికి కారణాలు, మీ మీద ఇష్టం తగ్గి కాదు. దాన్ని మాట్లాడుకోండి, డాక్టరుతోనూ చెప్పండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

[కెమెరాకి దగ్గరగా]

ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. వేడికి పెరిగిన లక్షణాలు చల్లబడి విశ్రాంతి తీసుకుంటే మామూలుగా తగ్గిపోతాయి. జ్వరం గానీ మూత్రంలో మంట గానీ ఉంటే ముందు ఇన్ఫెక్షన్ పరీక్ష చేయించాలి. ఇవేవీ లేకుండా కొత్త లక్షణం వచ్చి, 24 గంటలు దాటినా ఉంటే అది రిలాప్స్, అంటే జబ్బు మళ్లీ దాడి చేయడం కావచ్చు, వెంటనే న్యూరాలజిస్టుకి, అదే నరాల డాక్టరుకి ఫోన్ చేయండి. అవసరమైతే మూడు నుంచి ఐదు రోజులు స్టెరాయిడ్ సెలైన్‌లో ఎక్కిస్తారు. పోయినసారి రాసిచ్చారు కదా అని మెడికల్ షాపులో అడిగి మీరే స్టెరాయిడ్ మాత్రలు కొనకండి. రోజూ వాడే మందులు వేరు, అవి కొత్త దాడులు తగ్గించడానికి, బాగుందని మధ్యలో ఆపకూడదు. పిల్లలు కావాలనుకుంటే ముందే డాక్టరుకి చెప్పాలి, కొన్ని మందులు గర్భానికి మంచివి కావు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో ఎమ్మెస్ కూడా ఒకటి. నడవగలిగే మనిషికి సర్టిఫికెట్ ఎందుకులే అనుకుని చాలామంది వదిలేస్తారు. సచివాలయంలో సదరం క్యాంపు, అదే వైకల్యం సర్టిఫికెట్ కోసం డాక్టర్లు పరీక్షించే క్యాంపు స్లాట్ గురించి అడగండి, ఎమ్మారై రిపోర్టులు, డాక్టరు రాసిన కాగితాలు అన్నీ పట్టుకెళ్లండి. స్లాట్ మాత్రం పొద్దున పూటకి దొరుకుతుందేమో అడిగి చూడండి.