కాలాఢుంగీ గోడ
(మహారాష్ట్రలోని సిరొంచలో పులుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. అధ్యక్షులవారు నన్ను అవసరానికి మించి పొగిడారు. దానికి బదులు చెప్పుకుంటూ కూర్చుంటే పొద్దు గూకుతుంది కనుక నేరుగా విషయానికి వస్తాను.

పులుల వేటగాడు జిమ్ కార్బెట్ ఇల్లే ఇప్పుడు ఆయన పేరిట మ్యూజియం; దాన్ని చూసివచ్చాను కాబట్టి వేట కథలు చెప్పమన్నారు. ఉత్తరాఖండ్‌లో నైనితాల్ కొండల దిగువన, కాలాఢుంగీలో 1922లో కట్టుకున్న ఆ ఇంట్లో ఆయన, అక్క మ్యాగీతో కలిసి 1947లో కెన్యాకు తరలిపోయేదాకా, చలికాలాలు గడిపేవారు. గదుల్లో ఆయన కుర్చీలు, ఉత్తరాలు, ఛాయాచిత్రాలు ఉన్నాయి. 436 మందిని పొట్టన పెట్టుకుందని చెప్పే చంపావత్ ఆడపులిని 1907లో ఆయన కూల్చిన సంగతి మీరు చదివే ఉంటారు. నేను మళ్ళీ చెప్పను.

నన్ను ఆపింది పొలాల అంచున మిగిలి ఉన్న రాతిగోడ. ఛోటీ హల్ద్వానీ అనే ఆ ఊళ్ళో తన కౌలు రైతుల పైరును జింకలూ అడవి పందులూ పాడుచేస్తుంటే, కార్బెట్ ఊరి చుట్టూ మైళ్ళ పొడవున గోడ కట్టించారు. అది పూర్తవడానికి పదేళ్ళు పట్టింది. పులులను చంపి పేరు పొందిన మనిషి పందులకు అడ్డంగా పదేళ్ళు రాళ్ళు పేర్పించాడు!

ఆ గోడ మీద చెయ్యి వేయగానే మా బాపు గుర్తుకొచ్చాడు. నేను ఏడో తరగతిలో ఉండగా, వరి పాలు పోసుకునే వేళ, బాపు మంచె మీద డబ్బా కొడుతూనే ఉన్నా, ఒక్క రాత్రిలో పందులు సగం మడిని కుమ్మేశాయి. పంట నష్టం పంచనామాకు మనుషులు పంతొమ్మిదో రోజున వచ్చారు. అప్పటికి విరిగిన పైరును కోసి ఎడ్లకు వేశాం. లేకపోతే అదీ కుళ్ళిపోయేది. వారు మరాఠీలో ఏదో రాసి, బాపు చేత వేలిముద్ర వేయించుకుని వెళ్ళారు. సాయంత్రం బడి నుంచి వచ్చిన నేను ఆ నకలు చదివాను: 'నుక్సాన్ ఆఢళలే నాహీ'. నష్టం కనబడలేదట! అర్థం చెప్పమన్నాడు. చెప్పాను. బాపు ఏమీ అనకుండా డబ్బా తీసుకుని మళ్ళీ మంచె ఎక్కాడు.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు, ఒక్క నిమిషం. ఈ సభలో మరాఠీ చదవగల పిల్లలెందరున్నారు? చేతులెత్తండి. ఇంతమందా! అయితే నాయనలారా, ఈ పంటకాలంలో మీ ఊళ్ళో ఎవరి పొలంలో పంచనామా జరిగినా అక్కడికి వెళ్ళండి. ఆ కాగితాన్ని రైతుకు తెలుగులో చదివి వినిపించాకే వేలిముద్ర వేయనివ్వండి. బడి ఎగ్గొట్టారని ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి.