సెంట్రల్ ఒటాగోలో కార్లు లేని కంకర దారి: సైకిల్ రూట్ గీయడం ఎలా

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో ఒక సైకిల్ ప్రయాణానికి రూట్ గీద్దాం. న్యూజిలాండ్ దక్షిణ దీవిలో, సెంట్రల్ ఒటాగోలో, రెండు రోజుల ప్రయాణం. క్రామ్‌వెల్‌లో మొదలుపెట్టి క్లైడ్, అలెగ్జాండ్రా మీదుగా రాక్స్‌బర్గ్ వరకు. పక్కన క్లూథా నది, ఒడ్డున ద్రాక్షతోటలు, చక్రాల కింద కంకర. ఊళ్లలోకి వచ్చినప్పుడు తప్ప కార్లు దాదాపుగా కనిపించవు. వెనక నుంచి లారీ హారన్ వినిపించని దారి మీద ఒక రోజంతా సైకిల్ తొక్కితే మనసు ఎంత తేలిక పడుతుందో తొక్కినవాళ్లకే తెలుస్తుంది. అందుకే ఇంత శ్రద్ధగా గీస్తున్నాను.

సరే, స్క్రీన్ మీదికి వద్దాం. నేను వాడేది బీరౌటర్ అనే రూట్ ప్లానర్. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, డబ్బు కట్టనక్కరలేదు, ఖాతా కూడా అక్కరలేదు. మీకు వేరే ప్లానర్ అలవాటైతే అదే వాడండి, పద్ధతి ఒకటే. మ్యాప్ తెరిచాను, న్యూజిలాండ్‌కు వచ్చాను, ఇదిగో క్రామ్‌వెల్. ప్రొఫైల్ మార్చండి, అంటే ఏ రకం సైకిల్ ప్రయాణమో చెప్పండి. ఇక్కడ గ్రావెల్, కంకర దారి. మార్చారా? రోడ్డు సైకిల్ ప్రొఫైల్ అలాగే వదిలేస్తే మిమ్మల్ని ఎనిమిదో నంబరు హైవే మీదికి లాగుతుంది. చూడండి, హైవే సరస్సుకు ఈ ఒడ్డున ఉంది, మనకు కావలసిన దారి ఆ ఒడ్డున ఉంది. మధ్యలో నీళ్లు. ఒకసారి తప్పు ఒడ్డున పడితే దాటే వీలు లేదు.

ఇప్పుడు చుక్కలు పెడదాం. క్రామ్‌వెల్ పాత పేట దగ్గర ఒకటి. బానక్‌బర్న్ వంతెన దగ్గర ఒకటి. కార్నిష్ పాయింట్ దగ్గర ఒకటి. చివరగా క్లైడ్. అంతే. గీత దానంతట అదే దారికి అతుక్కుంటుంది. ఎక్కడైనా వంకర పోతే అక్కడ పట్టుకుని లాగండి, సరిపోతుంది.

ఇది లేక్ డన్‌స్టన్ ట్రయల్. 2021లో తెరిచారు. శాఖలన్నీ కలిపితే 55 కిలోమీటర్లు, మనం గీసింది అందులో ఒక భాగం. మ్యాప్ కాస్త దగ్గరికి తెస్తున్నాను, చూడండి. ఈ నీలం రంగంతా నిజానికి నది. క్లైడ్ దగ్గర ఆనకట్ట కట్టాక 1992, 93లో నీళ్లు నింపారు, లోయ సరస్సైంది. క్రామ్‌వెల్ పాత బజారులో కొంత భాగం ఈ నీటి కిందే ఉంది. మిగిలిన కట్టడాల దగ్గరే మన మొదటి చుక్క పెట్టాం.

బానక్‌బర్న్ దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే నాకు చాలా ఇష్టమైన చోటు ఇది. ఇవన్నీ ద్రాక్షతోటలు. ఎక్కువగా పినో న్వార్, ఎర్ర వైన్ చేసే ద్రాక్ష. భూమధ్యరేఖకు దక్షిణంగా 45 డిగ్రీల అక్షాంశం ఈ పక్కనుంచే పోతుంది. వేసవిలో పగలంతా గట్టి ఎండ, రాత్రికి చలి, వాన తక్కువ. ఆ ద్రాక్షకు కావలసింది అదే. ఇక్కడ తీగలు నాటడం కొత్తగా మొదలైంది కూడా కాదు. 1862లో ఈ లోయలో బంగారం దొరికింది, జనం ఎగబడ్డారు. ఆ వచ్చినవాళ్లలో ఫెరో అనే ఫ్రెంచి ఆయన 1864లోనే క్లైడ్ దగ్గర ద్రాక్ష నాటాడు. ఇక రుచి చూసే సంగతి. తోటల్లోనే వైన్ రుచి చూపించే గదులు ఉంటాయి. నా మాట వినండి, ఆ పని సాయంత్రం క్లైడ్ చేరాక పెట్టుకోండి. కార్నిష్ పాయింట్ దాటాక దారి ఇరుకవుతుంది, మెలికలు తిరుగుతూ కొండెక్కుతుంది. కొన్నిచోట్ల రాతికి బిగించిన చెక్క వంతెనల మీద వెళ్లాలి, కింద నేరుగా సరస్సే. ఆ తర్వాత 86 మీటర్ల పొడవైన వేలాడే వంతెన. అక్కడ తల తేటగా ఉండాలి. నీళ్ల సీసాలు కూడా కార్నిష్ పాయింట్ రాకముందే నింపుకోండి.

మొదటి రోజు అయిపోయింది. ఎగుమతి, జీపీఎక్స్ (రూట్‌ను దాచే ఫైలు రకం), పేరు పెట్టండి, సేవ్. నేను ముందు అంకె పెడతాను, ఒకటి అని. సైకిల్ మీది జీపీఎస్ పరికరంలో వరుసగా కనిపిస్తాయి.

రెండో రోజు. క్లైడ్ నుంచి అలెగ్జాండ్రాకు రెండు దారులు. పాత రైలు మార్గం మీద తిన్నగా 8 కిలోమీటర్లు. లేదా నది ఒడ్డున చెట్ల నీడలో మెలికలు తిరుగుతూ. రైలు మార్గానిదీ మంచి దారే. ఇది 152 కిలోమీటర్ల ఒటాగో సెంట్రల్ రైల్ ట్రయల్, 2000లో పూర్తిగా తెరిచారు. కానీ మనం వచ్చింది నది కోసం. కాబట్టి నది వైపు ఒక చుక్క పెట్టి గీతను ఇటు లాగుతున్నాను. ఇదిగో.

ఇప్పుడు అసలు సంగతి. ఈ వీడియో చేయడానికి కారణం ఇదే, కాబట్టి నెమ్మదిగా చెబుతాను. అలెగ్జాండ్రాలో ఒక చుక్క. రాక్స్‌బర్గ్ ఆనకట్ట దగ్గర ఒక చుక్క. గీత వచ్చింది. చూడటానికి ఎంత బాగుందో చూడండి. ఒక్కచోట కూడా తెగలేదు. రాక్స్‌బర్గ్ గార్జ్ ట్రయల్, మొత్తం 34 కిలోమీటర్లు. నేనూ ఇలాగే గీసుకున్నాను. ఇలాగే సేవ్ చేసుకున్నాను. పొద్దున్నే బయలుదేరాను. 10 కిలోమీటర్లు హాయిగా తొక్కాను, డాక్టర్స్ పాయింట్ అనే చోటికి వచ్చాను. అక్కడ దారి ఆగిపోయింది. ఎదురుగా నీళ్లు. నా పరికరంలో మాత్రం గీత ముందుకే పోతోంది.

ఏమి జరిగిందో చూపిస్తాను. మ్యాప్ దగ్గరికి తెస్తున్నాను. ఇంకా దగ్గరికి. ఇక్కడ చూడండి, గీత ఒడ్డు దిగి నీళ్ల మీదికి వెళ్లింది. ఇక్కడి నుంచి షింగిల్ క్రీక్ వరకు, సుమారు 12 కిలోమీటర్లు, సైకిల్ దారే లేదు. పడవ ఎక్కాలి. జెట్ బోటు, సైకిళ్లు కూడా ఎక్కించుకుంటుంది. కానీ అది బస్సులా దానంతట అది వచ్చి ఆగదు. ముందే బుక్ చేసుకోవాలి. ప్లానర్‌కు ఈ తేడా పట్టదు. పడవ మార్గం కూడా దానికి ఒక మార్గమే, కలిపేస్తుంది. నీటి మీద రాత అంటామే, అచ్చంగా అదే ఇది. ఆ రోజు నేను వచ్చిన 10 కిలోమీటర్లూ ఎదురుగాలిలో వెనక్కి తొక్కాను. లోయలో ఫోను సిగ్నల్ కూడా అందలేదు.

కాబట్టి మీరు ఇలా చేయండి. మొదట, డేటా పట్టిక తెరవండి. గీతలో ప్రతి ముక్క కింద ఏ రకం నేల ఉందో ఇందులో వరుసగా కనిపిస్తుంది. తారు, కంకర, మట్టి. మనలో చాలామంది దీన్ని తెరవనే తెరవరు. తెరవండి. ఎక్కడైనా ఫెర్రీ, అంటే పడవ, అనే మాట కనిపించిందా, అక్కడ ఆగండి. రెండోది, గీతను అక్కడే తెంచండి. చివరి చుక్కను రాక్స్‌బర్గ్ ఆనకట్ట నుంచి తీసేసి డాక్టర్స్ పాయింట్ మీద పెడుతున్నాను. ఇది ఒక ఫైలు. సేవ్. మళ్లీ కొత్తగా, షింగిల్ క్రీక్ నుంచి రాక్స్‌బర్గ్ ఆనకట్టకు 11 కిలోమీటర్లు, అక్కడి నుంచి క్లూథా గోల్డ్ ట్రయల్ మీద రాక్స్‌బర్గ్ ఊరిదాకా. ఇది ఇంకో ఫైలు. రెండు ఫైళ్లు, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీ అలాగే ఉండాలి, పొరపాటున కూడా కలపకండి.

మూడోది, వెనక్కి లెక్క వేయండి. పడవ సమయం ముందు ఖాయం చేసుకోండి, దాన్నిబట్టి అలెగ్జాండ్రాలో బయలుదేరే సమయం. 10 కిలోమీటర్లే కదా అని గంట పెట్టుకోకండి. గాలి వీస్తుంది, ఫొటోలకు ఆగుతారు. నేను ఇప్పుడు రెండు గంటలు పెట్టుకుంటాను. డాక్టర్స్ పాయింట్ దగ్గర ఒక గుర్తు పెట్టి, దానికి పేరుగా పడవ సమయమే రాస్తాను. తొక్కుతూ ఉంటే స్క్రీన్ మీద కనిపిస్తూ ఉంటుంది.

మీకు పడవ వద్దనుకుంటే, అలెగ్జాండ్రా నుంచి డాక్టర్స్ పాయింట్‌కు వెళ్లి అదే దారిన వెనక్కి రండి. 20 కిలోమీటర్లు. అదీ అందమైన ప్రయాణమే. అక్కడి కొండల మీద థైమ్ అనే సువాసన మొక్క అడవి మొక్కలా పెరుగుతుంది. బంగారం వెతికినవాళ్ల కాలం నుంచి ఉందంటారు. ఎండ వేళ ఆకులు నలిగితే చేతికి, చక్రానికి, సాక్సులకు కూడా ఆ వాసన అంటుకుంటుంది.

ఆ మొక్కల మధ్యే అడవి గులాబీ పొదలు కూడా ఉంటాయి. ముళ్లు. అందుకే ట్యూబ్ లేని టైరు, లోపల సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) వేసుకోండి. నాది 40 మిల్లీమీటర్ల టైరు, గాలి 30 పీఎస్ఐ దగ్గర ఉంచుతాను. మీ బరువునుబట్టి అటూ ఇటూ మార్చుకోండి. హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. ఎదురుపడినప్పుడు ఎడమ పక్కకు తప్పుకోండి, మలుపుల్లో గంట కొట్టండి. ఇవన్నీ మీకు తెలిసినవే.

ఇక ఫైళ్లు పరికరంలోకి. కేబుల్ పెట్టాను, కాపీ, పేస్ట్. ఆఫ్‌లైన్ మ్యాప్ కూడా దింపుకోండి. ఇప్పుడు కేబుల్ తీసి, పరికరంలో రెండో రోజు మొదటి ఫైలు తెరవండి. వేలితో గీత వెంట వెళ్లండి. అలెగ్జాండ్రా, నది, మలుపు, ఇంకో మలుపు, డాక్టర్స్ పాయింట్. గీత అక్కడ ఒడ్డునే ఆగిందా? ఆగితే సరే, ఇక వెళ్లి పడవ బుక్ చేసుకోండి.