ముల్లు తీయలేదు, చెయ్యి విడవలేదు

శ్రోతలకు నమస్కారం.

కష్టకాలంలో దేవుని కృపను నమ్ముకుని బతకడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పుల్పిట్ మీద నిలబడి ఈ మాట చెప్పడం తేలికే. వారానికి రెండుసార్లో మూడుసార్లో డయాలసిస్‌కి వెళ్లొచ్చే మనిషి ఎదురుగా మంచం మీద కూర్చుని చెప్పడం అంత తేలిక కాదు. అందుకని అక్కడినుంచే మొదలుపెడతాను.

మా శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు ఊళ్లని ఉద్దానం అంటాం. కొబ్బరి, జీడి, పనస. ఎటు చూసినా పచ్చదనమే. ఆ పచ్చని తోటల మధ్య ఎన్నో ఇళ్లని కిడ్నీ జబ్బు పట్టి పీడిస్తోంది. ఎందుకొస్తోందో, ఇదీ అని ఒక్క కారణం ఇంతవరకు తేలలేదు. అది చాలదన్నట్టు 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చింది. తాతలు వేసిన కొబ్బరిచెట్లు ఒక్క పూటలో నేలకూలాయి.

కవిటి వైపు మాకు వరసకి మావయ్య ఒకాయన ఉన్నారు. సంఘపెద్ద. తుపానుకి తోట పోయింది. తర్వాత కిడ్నీలు పోయాయి. ఎడమచేతికి సూదులు గుచ్చే చోట నరం తాడులా ఉబ్బి ఉంటుంది. దాని మీద వేలు ఆనిస్తే లోపల రక్తం జరజరా పారడం తెలుస్తుంది. డయాలసిస్‌కి వెళ్లిన రోజు మిషను పక్కన నాలుగు గంటలు పడుకోవాలి. ఇంటికొచ్చేసరికి ఒంట్లో ఓపిక ఉండదు.

ఆయనకి నీళ్లు కూడా కొలతే. పొద్దున్నే అత్తయ్య ఒక సీసాలో పోసి గూట్లో పెడుతుంది. మాత్ర వేసుకున్నా అందులోంచే, గొంతు తడుపుకున్నా అందులోంచే. ఎండాకాలమైనా అంతే. సీసా అయిపోతే ఆ రోజుకి నీళ్లు అయిపోయినట్టే.

ఇంకోటి చెప్పాలి. ఇంటెనక తుపానుకి తట్టుకుని నిలిచిన కొబ్బరిచెట్లు కొన్ని ఉన్నాయి. చెట్టు ఆయనదే, కాయ ఆయనదే, కానీ ఆయన తాగకూడదు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేయనివాళ్లకి అది గుండె మీదికి తెస్తుంది. మేం వెళితే మాత్రం బొండాలు దింపించి, దగ్గరుండి కొట్టించి, తాగేదాకా ఊరుకోరు. ఆయన చూస్తుండగా ఆ నీళ్లు తాగడం నాకు చాలా కష్టంగా ఉంటుంది. ఆయన మొహంలో మాత్రం సంతోషమే.

ఒకసారి బయటి ఊరినుంచి ఒక ప్రసంగీకుడు వచ్చి, ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, నమ్మకం ఉంటే ఇక సూదులు అక్కర్లేదన్నాడట. మర్నాడు మావయ్య ఎప్పట్లాగే ఆస్పత్రికి వెళ్లారు. ఆ సంగతి తెలిసి, “మావయ్యా, మీకు బాధనిపించలేదా?” అని అడిగాను. ఆయన కాసేపు ఊరుకుని అన్నారు: “పార్ధన సేత్తే జబ్బు పోతాదన్నారు బాబూ. జబ్బు పోనేదు. దేవుడూ పోనేదు.”

కృప గురించి నేను విన్న ప్రసంగాలు చాలా ఉన్నాయి. వాటన్నిటికంటే ఈ మాటే నాలో నాటుకుంది. జబ్బు పోలేదు. దేవుడూ పోలేదు.

పౌలు భక్తుడు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక పన్నెండో అధ్యాయంలో చెప్పింది ఇదే కదా. శరీరంలో ఒక ముల్లు. అది తొలగించమని మూడుసార్లు ప్రభువుని వేడుకున్నాడు. ముల్లు పోలేదు. “నా కృప నీకు చాలును” అన్న మాట వచ్చింది. పౌలుకి విశ్వాసం తక్కువని ఎవరైనా అనగలరా? ఆయన ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకెళ్తే రోగులు బాగుపడ్డారని అపొస్తలుల కార్యాల్లో చదువుతాం. అదే పౌలు, త్రోఫిము జబ్బుపడితే మిలేతులో విడిచి రావాల్సి వచ్చిందని తిమోతికి రాశాడు. అలాంటప్పుడు మంచంలో ఉన్న మనిషితో “నీ విశ్వాసం చాల్లేదు” అనే హక్కు మనకెక్కడిది? దయచేసి అనకండి. ప్రార్థన చేయండి, తప్పకుండా చేయండి. దేవుడు బాగుచేయగలడని నేనూ నమ్ముతాను. కానీ ప్రార్థన పేరు చెప్పి ఎవరిచేతా మందు మాన్పించకండి, డయాలసిస్ మాన్పించకండి.

మూడుసార్లు అడిగినవాడు పౌలు ఒక్కడే కాదు. గెత్సేమనే తోటలో యేసు ప్రభువు కూడా, సిలువకి ముందు రాత్రి, మూడుసార్లు ప్రార్థించాడు, ఈ శ్రమల గిన్నె తన దగ్గరనుంచి తొలగిపోనిమ్మని. గిన్నె తొలగలేదు. అంతకుముందు తన శిష్యుల్ని ఆయన ఒక్కటే అడిగాడు, నాతోకూడ మెలకువగా ఉండండి అని. పేతురు, యాకోబు, యోహాను. వాళ్లు ఏ మేలూ చేయనక్కర్లేదు, ఏ మాటా చెప్పనక్కర్లేదు, మేలుకుని ఉంటే చాలు. నిద్రపోయారు. “ఒక గడియయైనను నాతోకూడ మేల్కొనియుండలేరా?” అని ఆయన అడిగిన మాట చదివినప్పుడల్లా నాకు ఆ ఆస్పత్రిలో నాలుగు గంటలు గుర్తొస్తాయి.

కృప ఆకాశంనుంచే దిగిరావాలని ఎదురుచూస్తాం. మావయ్యకి మాత్రం అది చాలాసార్లు సంఘంలోని ఒక కుర్రాడి మోటారుసైకిల్ మీద వచ్చింది. పొద్దున్నే వచ్చి ఎక్కించుకుని, అక్కడే బెంచీ మీద కూర్చుని, మళ్లీ ఇంటి దగ్గర దింపే కుర్రాడు.

అందుకని విశ్వాసులందరికీ ఒక్క పని చెబుతాను. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక, ప్రకటనలు చదివేటప్పుడు, మీ సంఘంలో ఎవరికి ఏ రోజు డయాలసిస్ ఉందో అడిగి రాసుకోండి. సంఘంలోనే కాదు, పక్కింట్లోనైనా సరే, వాళ్లు ఏ మతంవాళ్లయినా సరే. ఏ రోజు ఎవరు తోడు వెళ్లాలో అక్కడే వంతులు వేసుకోండి. ఆటో ఉన్నవాళ్లు ఆటో ఇవ్వండి. లేనివాళ్లు పక్కన కూర్చోండి. ఆ ఇంటి ఆడవాళ్లకి ఆ పూట వంట పని తప్పించండి. చూడ్డానికి వెళ్తూ అరటిపళ్లు, బత్తాయిలు, బొండాలు పట్టుకెళ్లకండి, అవి వాళ్లకి పడవు. ఏం తినొచ్చో ముందు ఇంట్లోవాళ్లని అడిగి, అదే తీసుకెళ్లండి.

సెలవు. నమస్కారం.