టెక్నాలజీతో పాఠం చెప్పే మన అధ్యాపకులకు అవార్డు నామినేషన్ రాయడం ఎలా?

నమస్కారం అండీ. శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను. ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీ కానీండి, విజయనగరం జేఎన్‌టీయూ గురజాడ కానీండి, టెక్నాలజీతో పాఠాన్ని కొత్తగా చెప్పే మేష్టార్లు మనకీ ఉంటారు. తీరా నామినేషన్ రాయమంటే మనం రాసేది ఒక్కటే: "ప్రొజెక్టరు, పీపీటీ, వాట్సాప్ గ్రూపు వాడతారు." అది చదివి ఏ కమిటీ అవార్డిస్తుంది చెప్పండి?

జాతీయ ఉపాధ్యాయ అవార్డుల్లోకి ఉన్నత విద్యని 2023లో చేర్చారు. ఆ ఏడాది 75 మందిలో కాలేజీ, యూనివర్సిటీ వాళ్ళు 13 మంది. అంత పోటీలో కాకపోయినా, మన కాలేజీ స్థాయిలో ఇచ్చే గుర్తింపుకైనా ఫైలు గట్టిగా ఉండాలి. ఇంకో సంగతి. యూజీసీ 2018 నిబంధనల్లో అధ్యాపకుల స్కోరు లెక్కకి నాలుగు క్రెడిట్ల మూక్ (అంటే ఎవరైనా చేరగలిగే ఆన్‌లైన్ కోర్సు) పూర్తిగా తయారుచేస్తే 20 పాయింట్లు, వినూత్న బోధనా పద్ధతికి 5. అంటే కెమెరా ముందు చెప్పిన పాఠానికున్న తూకం క్లాసురూములో చేసిన ప్రయోగానికి లేదు. అందుకే ఆ ప్రయోగం గురించి మనమే రాయాలంటాను.

సరే, గూగుల్ డాక్స్‌లో కొత్త పేజీ తెరవండి. మూడు గడుల పట్టిక గీయండి: పాఠంలో ఇబ్బంది ఏమిటి, పిల్లలు ఏం చేశారు, రుజువేమిటి. అధ్యాపకుల బయోడేటా ఇప్పుడే అక్కర్లేదు.

ఉదాహరణకి ఒక జాగ్రఫీ మేడమ్‌ని ఊహించుకుందాం. తుపాను నష్టం పాఠం. పుస్తకంలో ఎక్కడిదో ఫోటో ఉంది, పిల్లలు బట్టీ పట్టేస్తున్నారు. ఇది మొదటి గడి. మేడమ్ ఏం చేశారంటే, ల్యాబులో గూగుల్ ఎర్త్ ప్రో తెరిపించారు. ఇదిగో, పైన గడియారం బొమ్మ ఉంది చూశారా? అది నొక్కితే పాత ఉపగ్రహ చిత్రాలొస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది కదా. కవిటి, సోంపేట పిల్లలు తిత్లీకి ముందు, తర్వాత వాళ్ళ ఊరి కొబ్బరితోటలు ఎలా ఉన్నాయో పక్కపక్కన పెట్టి చూశారు. పాలిగన్ టూలుతో తోట చుట్టూ గీత గీసి విస్తీర్ణం కొలిచారు. ఇంటికెళ్ళి తాతనడిగారు, ఎన్ని చెట్లు పడ్డాయని. తాత చెప్పిన లెక్కకీ పైనుంచి కనబడే లెక్కకీ తేడా వస్తే, ఎందుకొచ్చిందో క్లాసులో వాదించుకున్నారు.

రెండో గడిలో రాయాల్సింది ఈ వాదన గురించి. సాఫ్ట్‌వేరు ఉచితం, ఎవరైనా దించుకోవచ్చు. కొలతని తాత మాటతో సరిచూడమనడం మేడమ్ ఆలోచన. "ఏటి, గూగుల్లో మేప్ చూపించినా అవార్డేనా?" అని స్టాఫ్‌రూములో ఎవరో ఒకరు అంటారు. వాళ్ళకి ఈ గడి చూపించండి. లక్షలు పోసి తెచ్చిన వీఆర్ కళ్ళద్దాలకన్నా నా ఓటు దీనికే.

ఊళ్ళో నెట్ సరిగ్గా అందక చిత్రాలు ప్రింటు తీసి ఇచ్చారనుకోండి, అదీ రాయండి. దాస్తే ఫైలు బలహీనపడుతుంది.

మూడో గడిలో చాలామంది సెమినార్ ఫోటోలు, శాలువా ఫోటోలు పెడతారు. వద్దండీ. పాఠానికి ముందు ఒక ప్రశ్న, పాఠం అయ్యాక అదే ప్రశ్న. ఒకే విద్యార్థి రాసిన రెండు జవాబులూ స్కాన్ చేసి పెట్టండి. బాగా చదివే పిల్లవాడివి మాత్రమే కాదు, మామూలు పిల్లవాడివి కూడా. పేరు, హాల్‌టికెట్ నంబరు చెరిపేయండి. వీడియోలో మొహాలు కనబడితే పిల్లల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

మొత్తం రెండు పేజీలు దాటనివ్వకండి. పంపేముందు డ్రైవ్ లింకుని ఇన్‌కాగ్నిటో విండోలో ఒకసారి తెరవండి. పర్మిషన్ అడిగిందా, కమిటీకీ తెరుచుకోదు. షేర్‌లోకి వెళ్ళి, లింక్ ఉన్నవాళ్ళెవరైనా చూసేలా మార్చి, అప్పుడు పంపండి.