ఓరుగల్లులో రాజులు, పౌరులు

శ్రోతలకు నమస్కారం.

ఓరుగల్లులో పుట్టినవారికి రాజులంటే అభిమానం ఒకరు నేర్పితే వచ్చేది కాదు. కోటలోని కీర్తితోరణాలను చూస్తూ, విశ్వవిద్యాలయం మొదలుకొని వీధి చివరి దుకాణం దాకా కాకతీయుల పేరే చదువుతూ పెరిగిన నేను, మనమంతా గణపతిదేవుడికీ రుద్రమదేవికీ వారసులమనే భావంతోనే చాలాకాలం గడిపాను. మా ఇంట్లోనే నిజాం ప్రస్తావన వస్తే పెద్దల గొంతు మారిపోయేది. ఒక రాజరికంపై ఆరాధన, మరొకదానిపై ఆగ్రహం ఒకే మనసులో ఎలా ఇమిడాయన్న ప్రశ్న వయసుతోపాటు నాలో బలపడింది.

ఏడో నిజాం కాలంలోనే, 1934లో, వరంగల్‌లో ఆజంజాహి మిల్లు వెలసి ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది. అదే కాలంలో పల్లెల్లో వెట్టిచాకిరి సాగింది. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జాతీయ జెండా ఎగరవేయడానికి కదిలిన జనంపై తుపాకులు పేలాయి. మిల్లును తలచుకొని పరకాలను మరవడం నాకు సాధ్యం కాదు. ఈ దేశం నాదన్న భావానికి నాకు ఆధారం ఏ రాజవంశమూ కాదు, అక్కడ నేలకొరిగిన ఆ సామాన్యులే.

మరి కాకతీయులను కూడా ఇదే కొలతతో చూడవద్దా? ఇక్కడ మేడారం నాకు ఎంతో నేర్పింది. కరవు కాలంలో కప్పం కట్టలేమన్న కోయలపై కాకతీయ సేన దండెత్తితే, సమ్మక్క, సారలమ్మ ఎదిరించి పోరాడారని మన జనం తరతరాలుగా చెప్పుకుంటున్నారు. రెండేళ్లకోసారి మాఘమాసంలో లక్షలాదిమంది నిలువెత్తు బంగారమని బెల్లం తూచి మొక్కేది ఆ తల్లులకే గాని, కప్పమడిగిన రాజుకు కాదు. 2014లో కాకతీయ తోరణాన్ని రాష్ట్ర చిహ్నంలో నిలుపుకొన్నదీ మనమే. ఇందులో నాకు వైరుధ్యం కనిపించదు. తోరణాన్ని చెక్కిన శిల్పుల పనితనం మనది, రాజు వసూలు చేసిన కప్పం మనది కాదు. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులను చూసినప్పుడు కూడా, వాటిని తవ్వించిన ప్రభువులకన్నా ముందు, శాసనాలకెక్కని తట్టమోతల కూలీలే ఇప్పుడు నా తలపుకు వస్తారు.

అందుకే ఉపాధ్యాయులకు నాదొక విన్నపం. పిల్లలను వరంగల్ కోటకు తీసుకువచ్చినప్పుడు, వీలు చూసుకొని పరకాల అమరధామానికి కూడా తీసుకువెళ్లండి. అక్కడ జెండా పట్టుకొని నిలబడినవారి గురించి కోట కథ చెప్పినంత వివరంగా చెప్పండి.