స్టాల్ అంటే ఇంజిన్ ఆగిపోవడం కాదండీ బాబూ

ట్రైనింగ్ విమానం కూలిందని వార్త వస్తే అందులో ‘స్టాల్ అయ్యింది’ అన్న మాట కనపడుతుంది, కనపడగానే మనోళ్లు ‘అయ్యో ఇంజిన్ ఆగిపోయిందంట’ అని ఫిక్స్ అయిపోతారు. కాదండీ! కారు స్టాల్ అయితే ఆగేది ఇంజిన్. విమానంలో స్టాల్ అయ్యేది రెక్క. ఇంజిన్ తన మానాన తాను మోగుతూనే ఉండొచ్చు. 2009లో ఎయిర్ ఫ్రాన్స్ 447 రెండు ఇంజిన్లూ పనిచేస్తుండగానే స్టాల్ అయ్యి, అదే స్టాల్‌లో అట్లాంటిక్ దాకా వచ్చి పడింది, 228 మంది పోయారు.

స్కూటర్ వెనక కూర్చుని పరీక్ష అట్ట పట్టుకుని వెళ్లారా ఎప్పుడైనా? పడుకోబెట్టి పట్టుకుంటే గాలిని కోసుకుంటూ పోతుంది. ముందు అంచు కొంచెం లేపితే చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. బాగుంది కదా అని ఇంకా ఇంకా లేపారనుకోండి, ఒక్కసారిగా లేవడం మానేసి వెనక్కి మీ ఛాతీకి కొట్టుకుంటుంది. అదే స్టాల్. బండి స్పీడ్ తగ్గలేదు, అట్ట వంపు ఎక్కువైందంతే. చిన్న విమానాల రెక్కకి ఆ హద్దు, ఎదురొచ్చే గాలితో పోలిస్తే సుమారు 15 డిగ్రీల వంపు. అది దాటితే ముక్కు కిందికి ఉన్నా స్టాల్ అవుతుంది, ఇది చెప్తే ఎవరూ నమ్మరు!

సెస్నా 172 అనే చిన్న విమానానికి ఎడమ రెక్క ముందు అంచులో చిన్న కన్నం ఉంటుంది. స్టాల్ దగ్గరపడితే అందులోంచి గాలి లాగి లోపల బూర ఊదినట్టు మోగుతుంది, కరెంటుతో పనే లేదు. ఎగిరేముందు ఆ కన్నం మీద కర్చీఫ్ వేసి నోటితో పీల్చి మోగుతుందో లేదో చూస్తారు. నాకు విమానంలో అన్నిటికన్నా నచ్చిన పార్ట్ అదే.

స్టాల్ ప్రాక్టీస్ బాగా ఎత్తులో చేయిస్తారు కాబట్టి తేరుకోడానికి జాగా ఉంటుంది. కొంప ముంచేది రన్‌వే వైపు తిరిగే చివరి మలుపు, నేల ఒక 500 అడుగుల కిందే ఉంటుంది. మలుపులో ఎత్తు తగ్గకుండా ఉండాలంటే చేతిలోని కంట్రోల్‌ని వెనక్కి లాగాలి, అంటే మన అట్ట ఇంకా లేపాలి. తిన్నగా వెళ్లేటప్పుడు 50 నాట్స్‌కి (విమానాల స్పీడ్ కొలత) స్టాల్ అయ్యే విమానం 60 డిగ్రీలు ఒరిగి ఎత్తు తగ్గకుండా తిరుగుతుంటే 71కే స్టాల్ అయిపోతుంది.

స్టూడెంట్ మలుపు తిరుగుతూ రన్‌వేకి తిన్నగా ఉండే లైన్ దాటేశాడనుకుందాం. ఇంకా ఒరగడానికి భయం, కాబట్టి ముక్కు తొందరగా తిరగాలని కాలితో రడ్డర్ (ముక్కుని పక్కకి తిప్పే తోక పలక) పెడల్ గట్టిగా తొక్కుతాడు, విమానం ఒరిగిపోతుంటే చేత్తో కంట్రోల్‌ని దానికి ఎదురువైపుకి తిప్పుతాడు, ముక్కు దిగుతుంటే లాగుతాడు. ఇప్పుడు రెండు రెక్కలకి బదులు రెండు చేతుల్లో రెండు అట్టలు ఊహించుకోండి, ఒకటి పూర్తిగా కొట్టుకుపోయింది, రెండోది ఇంకా లేస్తోంది. మనిషి గిర్రున తిరగడా? అదే స్పిన్.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. బయటపడాలంటే ముందుకి తొయ్యాలి, అంటే అట్ట దించాలి, కానీ అద్దం నిండా నేల కనపడుతుంటే చెయ్యి లాగుతుందే తప్ప తొయ్యదు. పక్కన ఇన్‌స్ట్రక్టర్‌కీ కంట్రోల్స్ ఉంటాయి, ‘ఐ హ్యావ్ కంట్రోల్’ అనగానే స్టూడెంట్ చేతులు తీసెయ్యాలి. కానీ భయంతో బిగుసుకుపోయిన చేతులు విడిపించేసరికి ఆ 500 అడుగులు అయిపోతాయి.