ఒకే బాధ, రెండు ప్రక్రియలు: గురజాడ నాటకం రాశాక పాట ఎందుకు కట్టారు?

అందరికీ నమస్కారం. ఈరోజు రెండు రచనల గురించి మాట్లాడుకుందాం. ఒకటి లావుపాటి నాటకం, 'కన్యాశుల్కం'. రెండోది పది నిమిషాల్లో చదివేసే గేయం, 'పుత్తడి బొమ్మ పూర్ణమ్మ'. రెండూ గురజాడ అప్పారావు గారివే. విషయమూ ఒకటే: డబ్బు పుచ్చుకుని చిన్నపిల్లని ముసలివాడికి కట్టబెట్టడం. మరి నాటకంలో చెప్పేసిన సంగతిని మళ్ళీ పాటగా ఎందుకు చెప్పాల్సి వచ్చింది?

నాటకం ఎందుకో ఆయనే చెప్పారు. 1897 నాటి మొదటి కూర్పుకి ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఒక లెక్క ఉంది. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో నమోదైన శుల్కం పెళ్ళిళ్ళు 1034. అందులో 99 మంది పిల్లలకు ఐదేళ్ళు. ముగ్గురికి ఏడాది! ఇక్కడికి వచ్చేసరికి నాకు ప్రతిసారీ పుస్తకం కాసేపు మూసేయాలనిపిస్తుంది. జనానికి చదివే అలవాటు వచ్చేదాకా ఇలాంటి దురాచారాలను ఎండగట్టడానికి రంగస్థలమే దిక్కు అంటారాయన. అప్పటికే తెలుగులో నవల ఉంది. కానీ నవలకి చదువు రావాలి. నాటకానికి వచ్చి కూర్చుంటే చాలు. 1892లోనే విజయనగరంలో దీన్ని ఆడారు.

కూర్చున్నవాళ్ళు లేచిపోకూడదు కదా, అందుకే నవ్వించారు. పిల్లని కొనుక్కోబోయే ముసలి లుబ్ధావధాన్లు పిసినారితనం, గిరీశం కోతలు, ఆడపిల్ల వేషం వేసుకుని పెళ్ళిపీటల మీద కూర్చున్న కుర్రాడు... ఇవన్నీ నోటిమాటతో నడిచే సీన్లు. అమ్మేవాడు మాట్లాడతాడు, కొనేవాడు మాట్లాడతాడు, మధ్యవాళ్ళు ఇంకా ఎక్కువ మాట్లాడతారు. ఆ గోలలో బేరం పెట్టిన చిన్నపిల్ల సుబ్బి గొంతు మాత్రం మనకు దాదాపు వినపడదు.

ఇప్పుడు పూర్ణమ్మ దగ్గరికి రండి. ఇక్కడ బేరం రెండు ముక్కల్లో అయిపోతుంది. మిగిలినదంతా ఆ పిల్లే. రోజూ దుర్గమ్మకి పూలు కోసిచ్చే పూజారి కూతురు, తోబుట్టువుల మధ్య పెరిగిన పిల్ల. కథ చెప్పే గొంతు కూడా ఆడపిల్లల్నే పిలిచి చెబుతుంది. దీన్ని మనసులో చదువుకోకండి, దయచేసి పైకి చదవండి. అడుగులేసినట్టు ఒకే లయలో సాగుతుంది, ఆ లయలోనే ఆమె ప్రాణం విడవడానికి కొలను వైపు నడిచి వెళ్ళిపోతుంది. స్టేజీ మీద ఇది కుదిరేది కాదని నా నమ్మకం. ఏడుపు సీను పెడితే పక్కన ఓదార్చే పాత్ర కావాలి, ఇంకో డైలాగ్ కావాలి. పాటలో వినేవాళ్ళం, ఆమె, అంతే.

వెళ్ళే ముందు అన్నదమ్ముల్ని అడిగేవాటిలో రెండు మాటలున్నాయి. మీకు పుట్టే కూతుళ్ళలో ఒకరికి నా పేరు పెట్టండి, నలుగురూ కూర్చుని నవ్వుకునే వేళ నా పేరొకసారి తలుచుకోండి అని. ఆ మాట చదివాక నేను మళ్ళీ 'కన్యాశుల్కం' తీశాను. లుబ్ధావధాన్లు పెళ్ళి సీనుకి నవ్వు వచ్చింది, పూర్ణమ్మ కూడా గుర్తొచ్చింది.